రేడియో పగ్గాలు

గుర్రాన్ని అదుపులో ఉంచేది పగ్గం. ఎద్దును దారిలో పెట్టేది ముకుతాడు. కారును మలుపు తిప్పేది స్టీరింగు చక్రం. ఈ మూడింటిలోనూ నడిపేవాడికీ నడిచేదానికీ మధ్య కంటికి కనిపించే బంధం ఒకటి ఉంది. 1898లో న్యూయార్క్ నగరంలోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో నికోలా టెస్లా ఈ బంధాన్ని అదృశ్యం చేసి చూపాడు. నీటి తొట్టిలో తేలుతున్న ఒక చిన్న ఇనుప పడవను తాకకుండా, తీగ ఏదీ కలపకుండా, కేవలం రేడియో తరంగాలతో నడిపించాడు. చూసినవారు విస్తుపోయారు. అప్పటికి అది వింత. నేడు అదే సూత్రం ఆటవస్తువుల్లో, విమానాల్లో, అంతరిక్ష నౌకల్లో పనిచేస్తున్నది.

ఆ సూత్రాన్ని ఆటగా మార్చి, ఆటను మళ్ళీ శాస్త్రంగా మలచిన ఒక క్రీడ ఉంది. అదే రేడియో నియంత్రిత కార్ల పందెం. జపాన్‌లోని షిజువోకా నగరంలో 1946లో కలప వ్యాపారంగా మొదలై, తరువాత నమూనా బొమ్మల తయారీలో పేరు పొందిన తమియా సంస్థ, 1976లో తన మొదటి రేడియో నియంత్రిత కారును విడుదల చేసింది. అది పోర్షే 934 కారుకు పన్నెండో వంతు నమూనా. క్రమంగా ఈ కార్లతో పందేలు నడిపే క్లబ్బులు అనేక దేశాలలో ఏర్పడ్డాయి. 1998 నుండి ‘టూరింగ్ కార్’ తరగతికి ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. 2002లో థాయ్‌లాండ్‌కు చెందిన సురికార్న్ చైదాజ్‌సూరియా, 2004, 2008, 2010 సంవత్సరాలలో జర్మనీకి చెందిన మార్క్ రైనార్డ్ ఈ పోటీలలో విజేతలుగా నిలిచారు.

టూరింగ్ కారు అంటే రోడ్డు మీద తిరిగే సాధారణ నాలుగు తలుపుల కారు ఆకారంలో తయారైన పందెపు కారు. దాని నమూనా అసలు కారులో పదో వంతు ఉంటుంది. వెడల్పు సుమారు 190 మిల్లీమీటర్లు. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం సుమారు 257 మిల్లీమీటర్లు. బరువు కిలోన్నర లోపే. కాని ఇంత చిన్న వస్తువులో అసలు కారులో ఉండే ముఖ్యాంగాలు దాదాపు అన్నీ ఉంటాయి. వాటిని కొని తెచ్చి బిగించినంత మాత్రాన పందెపు కారు తయారు కాదు. ఒక అంగానికీ మరొక అంగానికీ గల సంబంధం గ్రహించినవాడి చేతిలోనే అది పందెపు కారు అవుతుంది. ఆ సంబంధాన్ని తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

చట్రం – చలనం

ఈ కారు విడిభాగాల పెట్టెగా దొరుకుతుంది. దీనినే కిట్ అంటారు. మరలు, గేర్లు, ఇరుసులు, స్ప్రింగులు వేర్వేరు సంచులలో ఉంటాయి. వెంట బొమ్మలతో కూడిన సూచనల పుస్తకం ఉంటుంది. కొత్తగా నేర్చుకొనేవారు ఎక్కువగా ఎంచుకొనే కార్లలో తమియా సంస్థ 2013లో విడుదల చేసిన టీటీ-02 ఒకటి. దీని చట్రం ప్లాస్టిక్ తొట్టి వలె ఉంటుంది. మధ్యలో పొడవుగా సాగే ఒక కడ్డీ మోటారు శక్తిని ముందు వెనుకల ఇరుసులకు అందిస్తుంది. కాబట్టి నాలుగు చక్రాలూ కారును ముందుకు తోస్తాయి. పెద్ద పోటీలలో వాడే కార్లలో చట్రం కార్బన్ నారతో గాని, అల్యూమినియంతో గాని చేసిన పలక. కడ్డీకి బదులు వాటిలో పళ్ళున్న రబ్బరు బెల్టులు ఉంటాయి. ధరలో తేడా చాలా ఎక్కువ. సూత్రంలో తేడా చాలా తక్కువ.

కిట్ బిగించేటప్పుడు తొందర పనికిరాదు. ప్లాస్టిక్‌లోకి దిగే మరను బలవంతంగా తిప్పితే గాడి చెడిపోతుంది. తరువాత ఆ మర ఎన్నడూ గట్టిగా నిలవదు. లోహంలోకి దిగే మరకు మాత్రం, కదలికకు ఊడిపోకుండా ఒక చుక్క బిగింపు ద్రవం పూయాలి. ఇరుసులు తిరిగేచోట సాధారణ కిట్‌లో ప్లాస్టిక్ బుష్‌లు ఉంటాయి. వాటిలో దుమ్ము చేరితే రాపిడి పెరుగుతుంది, త్వరగా అరిగిపోతాయి. వాటిని తీసి బాల్ బేరింగులు అమర్చడం పందెపు కారుకు చేయవలసిన మొదటి మెరుగు. రాపిడి తగ్గితే అదే మోటారు, అదే బ్యాటరీ, మరింత దూరం, మరింత వేగంగా కారును తీసుకుపోతాయి. వేగాన్ని పెంచడానికి బలాన్ని చేర్చడం ఒక మార్గం. వృథాను తొలగించడం రెండో మార్గం. తెలిసినవారు రెండో మార్గంతోనే మొదలుపెడతారు.

ఇక ఇరుసు విషయం. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం ప్రయాణిస్తాయి. ఎడ్లబండిలో రెండు చక్రాలూ ఇరుసు మీద విడివిడిగా తిరుగుతాయి కనుక అక్కడ చిక్కు లేదు. కాని మోటారు శక్తిని రెండు చక్రాలకూ పంచవలసి వచ్చినప్పుడు, వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే ఏర్పాటు కావాలి. దానిని డిఫరెన్షియల్ అంటారు. అందులోని చిన్న గేర్లు మరీ స్వేచ్ఛగా తిరిగితే, మలుపులో నేల మీది నుండి లేచిన చక్రం గాలిలో వృథాగా గిరగిర తిరుగుతుంది. పట్టు ఉన్న చక్రానికి శక్తి అందదు. అందుకే టీటీ-02 వంటి కార్లలో ఆ గేర్ల మధ్య చిక్కని గ్రీజు కూరుతారు. పోటీ కార్లలో మూసివున్న డిఫరెన్షియల్‌లో సిలికాన్ నూనె నింపుతారు. నూనె ఎంత చిక్కనిదైతే, రెండు చక్రాల మధ్య తేడా అంత తక్కువగా ఉంటుంది.

నేలను అంటిపెట్టుకొని ఉండటం

కారు వేగం మోటారు నుండి పుడుతుంది. కాని అది నేలకు చేరేది టైరు ద్వారానే. టైరుకూ నేలకూ మధ్య పట్టు తప్పితే ఎంత బలమైన మోటారు ఉన్నా నిష్ప్రయోజనం. ఆ పట్టును కాపాడేది సస్పెన్షన్. ప్రతి చక్రానికీ కింద ఒక చెయ్యి, పైన ఒక కడ్డీ, వాటిని మోసే స్ప్రింగు, ఆ స్ప్రింగు ఊగిసలాటను అణచే డాంపరు ఉంటాయి. స్ప్రింగు మాత్రమే ఉంటే, గతుకు తగిలిన కారు చాలాసేపు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. డాంపరు లోపల నూనె, రంధ్రాలున్న ఒక పిస్టన్ ఉంటాయి. పిస్టన్ కదలాలంటే నూనె ఆ సన్నని రంధ్రాల గుండా దూరిపోవాలి. ఆ ప్రయాసలో ఊగిసలాట శక్తి వేడిగా మారి నశిస్తుంది.

ఆముదం చలికాలంలో చిక్కబడటం, ఎండాకాలంలో పలచబడటం మనం చూసేదే. ఏ నూనెకైనా ఈ గుణం ఎంతో కొంత ఉంటుంది. సిలికాన్ నూనెలో అది తక్కువ. అందుకే డాంపర్లలో దానిని వాడతారు. అయినా ఉదయపు చల్లదనంలో చక్కగా పరుగెత్తిన కారు మధ్యాహ్నపు ఎండలో తడబడవచ్చు. అనుభవజ్ఞులు ఆ మార్పును గమనించి మరికొంత చిక్కని నూనె వేస్తారు. ప్రాథమిక కిట్‌లోని డాంపర్లలో నూనె ఉండదు, రాపిడి మీదే అవి పనిచేస్తాయి. బేరింగుల తరువాత మార్చవలసినవి ఇవే.

చక్రాలు నిలిచే కోణాలకు కూడా ప్రాధాన్యం ఉంది. ముందు నుండి చూసినప్పుడు చక్రాల పైభాగం ఒకటి రెండు డిగ్రీలు లోపలికి వాలి ఉండాలి. మలుపులో కారు బయటికి ఒరిగినప్పుడు ఆ వాలు సరిపోయి, టైరు మొత్తం నేలను ఆనుకొంటుంది. పై నుండి చూసినప్పుడు వెనుక చక్రాల ముందు అంచులు సాధారణంగా రెండు మూడు డిగ్రీలు లోపలికి తిరిగి ఉంటాయి. దీనివల్ల వేగం పెంచినప్పుడు కారు వెనుకభాగం పక్కకు జారదు. చట్రానికీ నేలకూ మధ్య ఎడం నున్నటి బాటపై అయిదారు మిల్లీమీటర్లు చాలు. ఎడం తగ్గితే బరువు కేంద్రం కిందికి దిగి కారు స్థిరంగా ఉంటుంది. మరీ తగ్గితే చట్రం నేలకు రాసుకొంటుంది. లాభం ఎక్కడ ముగిసి నష్టం ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడమే ఇక్కడి నేర్పు.

మోటారు – గేరు లెక్క

టీటీ-02 కిట్‌లో సాధారణంగా 540 రకం మోటారు ఉంటుంది. దానిలో కార్బన్ బ్రష్‌లు తిరిగే భాగానికి ఆనుకొని విద్యుత్తును అందిస్తాయి. బ్రష్‌లు అరుగుతాయి, నిప్పురవ్వలు పుడతాయి. పోటీలలో నేడు ఎక్కువగా వాడేవి బ్రష్‌లు లేని మోటార్లు. వీటిలో అయస్కాంతం తిరుగుతుంది, తీగచుట్టలు కదలకుండా ఉంటాయి. తీగచుట్ల సంఖ్యను బట్టి మోటార్లను 21.5, 17.5, 13.5 అని విభజిస్తారు. చుట్లు తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది, బ్యాటరీ నుండి లాగే విద్యుత్తు కూడా పెరుగుతుంది.

మోటారు వేగాన్ని చక్రానికి తగినట్లు తగ్గించేవి గేర్లు. టీటీ-02లో మోటారు మీది చిన్న గేరుకు 22 పళ్ళు, అది తిప్పే పెద్ద గేరుకు 70 పళ్ళు. 70ని 22తో భాగిస్తే 3.18. ఇరుసుల దగ్గర మరొక 2.6 రెట్ల తగ్గింపు ఉంది. రెండింటినీ గుణిస్తే 8.27. అనగా మోటారు 8.27 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. మోటారు నిమిషానికి 15,000 సార్లు తిరుగుతున్నదనుకొందాం. అప్పుడు చక్రం సుమారు 1,814 సార్లు తిరుగుతుంది. టైరు వ్యాసం 64 మిల్లీమీటర్లయితే దాని చుట్టుకొలత సుమారు 201 మిల్లీమీటర్లు. కాబట్టి కారు నిమిషానికి సుమారు 365 మీటర్లు, గంటకు దాదాపు 22 కిలోమీటర్లు పోతుంది. తరగతి గదిలో నేర్చిన నిష్పత్తి, వృత్తపరిధి ఇక్కడ బాట మీద పరుగెత్తుతున్నాయి.

చిన్న గేరుకు పళ్ళు పెంచితే గరిష్ఠ వేగం పెరుగుతుంది. కాని మలుపు దాటిన వెంటనే పుంజుకొనే శక్తి తగ్గుతుంది, మోటారు వేడెక్కుతుంది. మితిమీరిన వేడికి అయస్కాంతం తన శక్తిని కోల్పోతుంది. పొడవైన తిన్నని దారి ఉన్న బాటకు ఒక గేరు, మలుపులు ఎక్కువ ఉన్న బాటకు మరొక గేరు తగినది. సైకిలు తొక్కేవారికి ఎత్తు ఎక్కేటప్పుడు ఒక గేరు, సమతలంలో ఒక గేరు అవసరమైనట్లే ఇదీను.

బ్యాటరీ విషయంలో జాగ్రత్త

మొదట్లో ఈ కార్లలో నికెల్-కాడ్మియం బ్యాటరీలు, తరువాత నికెల్-మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలు వాడేవారు. ఇప్పుడు పోటీలలో లిథియం-పాలిమర్ బ్యాటరీలది పైచేయి. పోటీ కారులో ఇటువంటి ఘటాలు రెండు ఉంటాయి. ఒక్కొక్క ఘటం నామమాత్రపు వోల్టేజి 3.7. రెండూ కలిస్తే 7.4 వోల్టులు. తక్కువ బరువులో ఎక్కువ శక్తి నిలువచేయడం వీటి సుగుణం. అదే వీటి ప్రమాదం కూడా. ఘటాన్ని 4.2 వోల్టులకు మించి ఛార్జి చేయరాదు. 3 వోల్టుల కంటే కిందికి దిగనీయరాదు. దెబ్బ తిన్నా, ఉబ్బినా, అధికంగా ఛార్జి అయినా అవి మండిపోవచ్చు. కనుక వాటి కోసమే తయారైన ఛార్జరునే వాడాలి. నిప్పుకు తట్టుకొనే సంచిలో ఉంచి, మనిషి దగ్గర ఉండగానే ఛార్జి చేయాలి. రాత్రి ఛార్జికి పెట్టి నిద్రపోవడం ఎంతమాత్రమూ తగదు. ఉబ్బిన బ్యాటరీ మీద మమకారం పెట్టుకోరాదు. ఖరీదు చూసి దానిని మరొక్కసారి వాడుదామనుకొన్నవాడు ఇంటినే పణంగా పెడుతున్నాడని గుర్తించాలి.

రేడియో చేసే పని

నడిపేవారి చేతిలోని ట్రాన్స్‌మిటర్ ఆజ్ఞలను తరంగాలుగా పంపుతుంది. కారులోని రిసీవరు వాటిని అందుకొని రెండు భాగాలకు పంచుతుంది. మొదటిది సర్వో. ఇది ముందు చక్రాలను తిప్పుతుంది. ఆజ్ఞ ఒక చిన్న విద్యుత్ స్పందన రూపంలో వస్తుంది. సామాన్యంగా ఆ స్పందన నిడివి ఒకటిన్నర మిల్లీసెకను ఉంటే చక్రాలు తిన్నగా నిలుస్తాయి. ఒక మిల్లీసెకనుకు తగ్గితే ఒక వైపు, రెండు మిల్లీసెకన్లకు పెరిగితే మరొక వైపు తిరుగుతాయి. రెండోది వేగ నియంత్రకం. ఇది బ్యాటరీ నుండి మోటారుకు ఎంత విద్యుత్తు చేరాలో నిర్ణయిస్తుంది. బ్రేకు వేసేదీ ఇదే.

పూర్వం ఈ రేడియోలు 27 మెగాహెర్ట్జ్ వంటి పట్టీలలో పనిచేసేవి. ఒక్కొక్క కారుకు ఒక్కొక్క క్రిస్టల్ ఉండేది. ఇద్దరు ఒకే పౌనఃపున్యాన్ని వాడితే ఒకరి ఆజ్ఞకు మరొకరి కారు పరుగు తీసేది, గోడకు గుద్దుకొనేది. ఇరవై ఒకటో శతాబ్ది తొలి దశకంలో 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చి ఈ చిక్కును తీర్చాయి. ప్రతి ట్రాన్స్‌మిటరుకూ తనదైన గుర్తు ఉంటుంది. దానితో జతపడిన రిసీవరు ఇతరుల ఆజ్ఞలను పట్టించుకోదు. వీటిలో అనేకం ఒకే పౌనఃపున్యం మీద నిలవక, ఒక దాని నుండి మరొక దానికి గెంతుతూ సందేశం పంపుతాయి. ఇట్టి గెంతుడు పద్ధతికి నటి హెడీ లమార్, సంగీతకర్త జార్జ్ యాంథైల్ 1942లోనే అమెరికాలో పేటెంటు పొందడం విశేషం. మన దేశంలో ఈ పట్టీలో తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు 2005లో లైసెన్సు మినహాయింపు లభించింది.

ఇక్కడ ఒక నియమం ప్రాణప్రదమైనది. ముందు ట్రాన్స్‌మిటరును వెలిగించి, తరువాతనే కారును వెలిగించాలి. ఆపేటప్పుడు ముందు కారు, తరువాత ట్రాన్స్‌మిటరు. సంకేతం తెగిపోతే మోటారు తనంతట తానే ఆగేలా రిసీవరును ముందుగా అమర్చుకోవాలి. కిలోన్నర బరువున్న వస్తువు గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో అదుపు తప్పి మనిషి కాలికి తగిలితే అది ఆట కాదు.

టైరు – పైకప్పు

పోటీలలో సామాన్యంగా నిర్వాహకులు నిర్ణయించిన ఒకే రకం రబ్బరు టైర్లను అందరూ వాడాలి. కారు పైకప్పు పాలికార్బొనేట్ అనే పారదర్శక ప్లాస్టిక్ రేకుతో తయారవుతుంది. దానికి రంగు బయట కాక లోపలి వైపు వేస్తారు. కాబట్టి కారు బోల్తా కొట్టినా రంగు చెదరదు. పైకప్పు అందానికి మాత్రమే కాదు. వేగం పెరిగినప్పుడు దాని వెనుక రెక్క గాలిని ఎదుర్కొని చక్రాలను నేలకు అదుముతుంది.

ఒకసారికి ఒకే మార్పు

కారు తయారైన తరువాతనే అసలు పరీక్ష మొదలవుతుంది. మలుపులో ముందుభాగం మొండికేసి తిన్నగా పోతున్నదనుకొందాం. స్ప్రింగు మార్చాలా? నూనె మార్చాలా? కోణం మార్చాలా? ఆతురత గలవాడు మూడూ ఒకేసారి మారుస్తాడు. కారు మెరుగైతే దేనివల్ల మెరుగైందో అతనికి తెలియదు. చెడితే దేనివల్ల చెడిందో కూడా తెలియదు. వివేకవంతుడు ఒకదాన్నే మార్చి, అయిదారు చుట్లు తిప్పి, కాలం కొలిచి, పుస్తకంలో రాసుకొని, తరువాత రెండోదానికి పోతాడు. ప్రయోగశాలలో మనం పాటించే పద్ధతి ఇదే. తక్కినవన్నీ స్థిరంగా ఉంచి ఒక్క అంశాన్నే మార్చి ఫలితం చూడటం శాస్త్రీయ దృష్టికి పునాది.

పందెం సాధారణంగా అయిదు నిమిషాలు. అందులో గెలుపు కేవలం వేగానిది కాదు. ఒకడు చుట్టుకు 15 సెకన్ల చొప్పున నడిపాడు. కాని రెండుసార్లు గోడకు తగిలి ప్రతిసారీ 5 సెకన్లు పోగొట్టుకొన్నాడు. అతని 20 చుట్లకు 310 సెకన్లు పట్టింది. మరొకడు చుట్టుకు 15.3 సెకన్ల చొప్పున, ఒక్క తప్పు లేకుండా నడిపాడు. అతని 20 చుట్లకు 306 సెకన్లు చాలాయి. నెమ్మదిగా నడిపినవాడే ముందు గమ్యం చేరాడు.

పందేనికి ముందు తనిఖీ ఉంటుంది. బరువు, వెడల్పు, మోటారు, బ్యాటరీ వోల్టేజి నిబంధనలకు లోబడి ఉన్నాయో లేదో చూస్తారు. అందరికీ ఒకే రకం మోటారు ఉండాలన్న నిబంధన వెనుక ఒక న్యాయం ఉంది. డబ్బున్నవాడు బలాన్ని కొనుక్కొని గెలవకూడదు, తెలిసినవాడు గెలవాలి. ఈ క్రీడలో మరొక సంప్రదాయం కూడా గమనింపదగినది. తన పందెం ముగియగానే ఆటగాడు వెళ్ళిపోడు. తరువాతి పందేనికి బాట పక్కన మలుపు దగ్గర నిలబడి, బోల్తాపడిన ఇతరుల కార్లను సరిచేసి నిలబెడతాడు. క్షణం క్రితం ఓడిపోయినవాడైనా, ఆ కారు తన ప్రత్యర్థిదైనా, వెంటనే చేయి అందించవలసిందే. అతను ఆలసిస్తే ఆ నష్టం మరొకరిది. ఇతని పందెంలో ఆ పని మరొకరు చేశారు కనుక ఇది ఉపకారం కాదు, బాకీ తీర్చడం.

కిట్ పెట్టెను కొనవచ్చు. మంచి మోటారును కొనవచ్చు. కాని ఏ మర ఎందుకు బిగిస్తున్నామో తెలిసిన బుద్ధి, ఒక్కొక్క మార్పునూ కొలిచి చూసే ఓపిక, నిబంధనకు లోబడే నిజాయితీ అంగడిలో దొరకవు. వాటిని చేతులకు గ్రీజు అంటించుకొని సంపాదించుకోవలసిందే. రేడియో తరంగాలు కారుకు పగ్గాలైతే, ఆ పగ్గాలు పట్టిన చేతికి వివేకమే పగ్గం.

ప్రశ్నలు

1. ఎడ్లబండికి లేని ఏ చిక్కును డిఫరెన్షియల్ తీరుస్తుంది?
2. డాంపర్లలో సిలికాన్ నూనెను ఎందుకు వాడతారు?
3. ట్రాన్స్‌మిటరును, కారును వెలిగించడంలో, ఆపడంలో పాటించవలసిన క్రమం ఏది?
4. లిథియం-పాలిమర్ బ్యాటరీ వాడకంలో తీసుకోవలసిన జాగ్రత్తలను వివరించండి.
5. ‘ఒకసారికి ఒకే మార్పు’ అనే నియమం శాస్త్రీయ దృష్టికి పునాది అని రచన ఆధారంగా నిరూపించండి.